విశాఖకు ఫుట్‌బాల్ స్టేడియం వస్తుందా? అభిమానుల లెక్కలేంటి.. అసలు అడ్డంకి ఎక్కడుంది?

విశాఖపట్నంలో నలుగురు ఫుట్‌బాల్ అభిమానులు కలిస్తే మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే చేరుతుంది. మన ఊళ్లో స్టేడియం ఎప్పుడు? మధురవాడ వైపు వస్తే బాగుంటుందని ఒకరు, స్టీల్‌ప్లాంట్ దగ్గర బోలెడంత జాగా ఉంది కదా అని ఇంకొకరు, ఉన్న క్రికెట్ స్టేడియంలోనే ఆడించొచ్చుగా అని మరొకరు.. ఎవరి లెక్క వారిది. అయితే ఈ ఊహాగానాలు ఊరికే పుట్టినవి కావు. దేశంలోని జాతీయ లీగ్‌లో విశాఖ పేరు ఒకసారి నిజంగానే వినిపించింది. మరి అప్పుడేం జరిగింది? స్టేడియం రావాలంటే ఏమేం కావాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

2020లో చేతిదాకా వచ్చిన అవకాశం

ఐ-లీగ్‌లో కొత్త జట్ల కోసం అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) 2020లో బిడ్లు పిలిచింది. ఆ ఏడాది ఆగస్టులో ఇద్దరిని ఎంపిక చేశారు. ఢిల్లీ నుంచి సుదేవా, విశాఖపట్నం పేరుతో శ్రీనిధి విద్యాసంస్థ. సుదేవాకు 2020-21 నుంచి, శ్రీనిధికి 2021-22 నుంచి ఆడే అవకాశం ఇచ్చారు. దీంతో విశాఖకు జాతీయ స్థాయి క్లబ్ వచ్చేసినట్టేనని అభిమానులు సంబరపడ్డారు.

కానీ ఆ జట్టు శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ పేరుతో బరిలోకి దిగింది. కోవిడ్ కారణంగా 2021-22 సీజన్ మ్యాచ్‌లన్నీ పశ్చిమ బెంగాల్‌లోనే జరిగాయి. ఆ తర్వాతి సీజన్‌కు హోమ్ గ్రౌండ్ కావాల్సి వచ్చినప్పుడు అది హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ ఎరీనా అయింది. జట్టు ఆట మాత్రం అదిరింది. తొలి సీజన్‌లోనే మూడో స్థానం, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానం. అంటే విశాఖ పేరుతో మొదలైన జట్టు రెండుసార్లు టైటిల్ అంచుదాకా వెళ్లింది. విశాఖ జనం మాత్రం తమ ఊళ్లో ఒక్క హోమ్ మ్యాచ్ కూడా చూడలేదు.

విశాఖలో స్టేడియాలు లేవా?

ఉన్నాయి. కానీ పెద్ద మ్యాచ్‌లకు తగ్గట్టు కట్టినవన్నీ వేరే ఆటలవి. పాత నగరంలోని ఇందిరా ప్రియదర్శిని మున్సిపల్ స్టేడియంలో 1988 నుంచి 2001 వరకు అంతర్జాతీయ వన్డేలు జరిగాయి. 1996 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా-కెన్యా మ్యాచ్‌కు వేదిక ఇదే. ఆ తర్వాత క్రికెట్ అంతా మధురవాడలోని ఏసీఏ-వీడీసీఏ స్టేడియానికి మారింది. 2005 ఏప్రిల్ 5న పాకిస్థాన్‌పై ధోనీ 148 పరుగులు బాదింది అక్కడే.

కబడ్డీకి రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియం ఉంది. 2025 ప్రో కబడ్డీ సీజన్ అక్కడే మొదలైంది. ఫుట్‌బాల్‌కు వచ్చేసరికి పిల్లలు, స్థానిక జట్లు ఆడుకునే మైదానాలు ఉన్నాయి గానీ.. ఫ్లడ్‌లైట్లు, గ్యాలరీ, డ్రెస్సింగ్ రూమ్‌లు, టీవీ ప్రసారానికి ఏర్పాట్లు ఉన్న సొంత స్టేడియం లేదు.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోవడం కూడా ఇందులో ఒక కారణం. లాల్ బహదూర్ స్టేడియం, గచ్చిబౌలి స్టేడియం తెలంగాణకు వెళ్లాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కాలం నుంచి వస్తున్న తెలుగువారి ఫుట్‌బాల్ వారసత్వమంతా హైదరాబాద్ చుట్టూనే అల్లుకుని ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం.. ఈ రెండూ భారత జట్టు ఆయన శిక్షణలో సాధించినవే.

క్రికెట్ స్టేడియంలో ఆడితే కుదరదా?

అభిమానులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కొలతల ప్రకారం చూస్తే కుదురుతుంది. ఫుట్‌బాల్ పిచ్ 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. క్రికెట్ మైదానంలో అది తేలిగ్గా పడుతుంది. చిక్కంతా మధ్యలోని వికెట్‌తోనే. బంకమట్టితో గట్టిగా చేసిన ఆ చోట ఫుట్‌బాల్ ఆడితే ఆటగాళ్లకు దెబ్బలు, గడ్డి వేస్తే క్రికెట్‌కు ఇబ్బంది. పైగా గుండ్రటి మైదానంలో ప్రేక్షకుడు గోల్‌పోస్టుకు చాలా దూరమైపోతాడు.

కొచ్చిలో 2018లో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం కేరళ బ్లాస్టర్స్ సొంత గడ్డ. అందులో భారత్-వెస్టిండీస్ వన్డే పెట్టాలనుకుంటే ఫుట్‌బాల్ అభిమానులు ఒప్పుకోలేదు. 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం వేసిన టర్ఫ్ పాడవుతుందని గట్టిగా అడ్డుకున్నారు. సునీల్ ఛెత్రీతో పాటు సచిన్ టెండూల్కర్ కూడా వారి వైపే మాట్లాడారు. చివరికి ఆ వన్డే తిరువనంతపురానికి మారింది. విశాఖలో పరిస్థితి దీనికి తలకిందులు. ఐపీఎల్, అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగే క్రికెట్ స్టేడియంలో ఫుట్‌బాల్ ఎప్పుడూ అద్దెకు వచ్చిన చుట్టమే అవుతుంది.

ఎంత జాగా కావాలి?

ఒక్క పిచ్‌కే దాదాపు ఎకరం ముప్పావు పడుతుంది. చుట్టూ ఎనిమిది లైన్ల 400 మీటర్ల రన్నింగ్ ట్రాక్ కూడా వేస్తే అది నాలుగు ఎకరాలు దాటుతుంది. గ్యాలరీలు, పార్కింగ్, ప్రాక్టీస్ గ్రౌండ్, జనం బయటికెళ్లే దారులు దీనికి అదనం. ట్రాక్ ఉంటే అథ్లెటిక్స్‌కూ వాడుకోవచ్చు కాబట్టి ప్రభుత్వాలు సాధారణంగా అటే మొగ్గు చూపుతాయి. గచ్చిబౌలి, బెంగళూరు కంఠీరవ, చెన్నై నెహ్రూ స్టేడియాలు అలాంటివే. అభిమానులకేమో ట్రాక్ లేకుండా పిచ్ పక్కనే కూర్చోవాలని ఉంటుంది.

విశాఖలో మరో చిక్కుంది. ఇక్కడ పెద్ద భూములు ఒక్కరి చేతిలో లేవు. పోర్టు, స్టీల్‌ప్లాంట్, నేవీ, రైల్వే, ఆంధ్రా యూనివర్సిటీ, జీవీఎంసీ, వీఎంఆర్‌డీఏ.. ఎవరి పరిధి వారిది. బీచ్ పక్కన కడదామంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు అడ్డొస్తాయి. అందుకే 'ఫలానా చోట జాగా ఖాళీగా ఉంది' అన్నంత మాత్రాన స్టేడియం వచ్చేసినట్టు కాదు.

తుపాను లెక్క మరిచిపోతే అంతే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో గాలులు వీచాయి. రెండు రోజుల తర్వాత, 14న జరగాల్సిన భారత్-వెస్టిండీస్ వన్డే రద్దయింది. ఇక్కడ స్టేడియం కట్టేవారు గ్యాలరీ పైకప్పు, ఫ్లడ్‌లైట్ స్తంభాలు ఆ స్థాయి గాలిని తట్టుకునేలా డిజైన్ చేయాలి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి మెయింటెనెన్స్ ఖర్చు కూడా ఎక్కువే. అక్టోబర్, నవంబర్ అంటే తుపాన్ల కాలం, ఫుట్‌బాల్ సీజన్ సాగే కాలం కూడా. నీరు చప్పున ఇంకిపోయే డ్రైనేజీ లేకపోతే ఎంత ఖరీదైన గడ్డి వేసినా బురదే మిగులుతుంది.

రెండు ఉక్కు నగరాలు.. రెండు కథలు

విశాఖ అభిమానులు తరచూ చెప్పే పేరు జంషెడ్‌పూర్. అదీ ఉక్కు నగరమే. అక్కడ టాటా స్టీల్ 1987లోనే ఫుట్‌బాల్ అకాడమీ పెట్టింది. 2017లో జంషెడ్‌పూర్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లోకి దించింది. జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఆ జట్టు హోమ్ గ్రౌండ్. 2021-22లో లీగ్ షీల్డ్ కూడా గెలిచింది.

మరి విశాఖ ఉక్కు ఎందుకు అలా చేయలేదు? అది ప్రభుత్వ రంగ సంస్థ. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం తీసుకున్నాక ప్లాంట్ మనుగడే పెద్ద ప్రశ్న అయింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆ డబ్బు ప్లాంట్‌ను నిలబెట్టడానికే. కాబట్టి జంషెడ్‌పూర్ లాగా కంపెనీయే క్లబ్‌నూ, గ్రౌండ్‌నూ పోషిస్తుందని ఇక్కడ ఆశ పెట్టుకోవడం కష్టం.

స్టేడియం ఉంటే చాలదు.. హైదరాబాద్ పాఠం

స్టేడియం ఒక్కటే ఉంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. గచ్చిబౌలి దాని హోమ్ గ్రౌండ్. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ చాంపియన్‌గా నిలిచింది. మూడేళ్లు తిరిగాక, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. గ్రౌండ్ ఉంది, కప్పు ఉంది.. క్లబ్ మాత్రం లేదు. 2025 డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ వచ్చినప్పుడు ప్రోగ్రాం జరిగింది ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో.

విశాఖది దీనికి రివర్స్ కథ. పేరు వచ్చింది, గ్రౌండ్ లేదు. రెండూ కలిపి చూస్తే తేలేది ఒక్కటే. క్లబ్, గ్రౌండ్ జోడెద్దుల్లాంటివి. ఒకటి ముందు, ఒకటి వెనక నడిస్తే బండి కదలదు. ఏడాదికి పది పన్నెండు హోమ్ మ్యాచ్‌లు ఆడే జట్టు, మిగతా రోజుల్లో గ్రౌండ్‌ను నింపే అకాడమీలు, స్కూల్ టోర్నీలు, కరెంటు బిల్లు నుంచి గడ్డి కోత దాకా ఖర్చు భరించే యజమాని.. ఈ మూడూ ముందే ఖాయం కావాలి. 2025 జులైలో ఐఎస్ఎల్ సీజన్‌నే పక్కన పెట్టాల్సి రావడంతో పెట్టుబడిదారులు ఇప్పుడు మరింత ఆచితూచి అడుగేస్తున్నారు.

పుకారా? ప్లానా? ఇలా తెలుసుకోవచ్చు

ఫోన్లో తిరిగే రంగురంగుల డిజైన్ బొమ్మ చూసి స్టేడియం వచ్చేసిందనుకోవద్దు. నిజమైన ప్లాన్‌కు కొన్ని గుర్తులుంటాయి.

1. సర్వే నంబర్లతో సహా భూమి కేటాయిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు.
2. సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్), అందులో అంచనా వ్యయం.
3. రాష్ట్ర బడ్జెట్‌లో గానీ, కార్పొరేషన్ బడ్జెట్‌లో గానీ నిధుల కేటాయింపు.
4. టెండర్ నోటిఫికేషన్.
5. కట్టాక ఎవరు నడుపుతారు, ఏ క్లబ్ ఆడుతుంది అన్నదానిపై రాతపూర్వక ఒప్పందం.

మొదటి నాలుగూ ఉండి ఐదోది లేకపోతే స్టేడియం కడతారు, తాళం వేస్తారు. ఐదోది ఉండి మొదటిది లేకపోతే 2020 కథే మళ్లీ రిపీట్ అవుతుంది.

అందుకే విశాఖ అభిమానులు ఇకపై 'ఎక్కడ కడతారు' అన్న ప్రశ్నతో ఆగిపోకూడదు. 'కట్టాక ఎవరు నడుపుతారు' అని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నకు ఒక పేరు జవాబుగా వచ్చిన రోజే ఈ నగరంలో కిక్-ఆఫ్ విజిల్‌కు టైమ్ దగ్గరపడినట్టు.