రెండు రూపాయల బియ్యం – మన ఓటు

వేసవిలో జి.సి.సి. డిపోలో చింతపండు అమ్మితే మన ఇళ్లలో నాలుగు డబ్బులుంటాయి. వానాకాలం వస్తే అంబలికే కష్టం. అందుకే బియ్యం ధర మనకు చిన్న విషయం కాదు.

1983 ఎన్నికల ముందు ఎన్.టి. రామారావు కిలో బియ్యం 2 రూపాయలకే ఇస్తామన్నారు. పోటీగా కాంగ్రెస్ ప్రభుత్వం రూపాయి 90 పైసల పథకం పెట్టింది. అయినా రాష్ట్ర ప్రజలు తెలుగుదేశాన్నే గెలిపించారు. 1989లో బియ్యం ధర 2 రూపాయలే ఉంది, ఆ పార్టీ ఓడిపోయింది. తర్వాత కాంగ్రెస్ ధర పెంచింది, 1994లో అదీ ఓడింది.

పేదవాడు బియ్యానికి ఓటు అమ్ముకున్నాడనేవాళ్లు ఈ లెక్క చూడాలి. జనం ధర చూశారు, పాలన తీరూ చూశారు. ఇంటి ఖర్చు లెక్క వేసుకుని ఓటేయడం వేరు, ఎన్నికల ముందు రాత్రి నోటు తీసుకోవడం వేరు. ఈ తేడా మన పిల్లలకు చెప్పాలి.