శిష్యుడే ఉపాధ్యాయుడగుట

గణితము నేర్చినవాడెల్ల గణితము నేర్పజాలడు. లెక్క చేయుట యొక విద్య. చేయలేనివానికి దారి చూపుట వేరొక విద్య. ఈ రెండవది యెట్లు పట్టుబడును? ట్రెయినింగు కళాశాలలు పుట్టకమునుపే మన వీధిబడులు దీనికొక మార్గమును కనుగొనియుండెను.

1822లో గవర్నరు థామస్ మన్రో మద్రాసు రాజధానిలోని పాఠశాలల స్థితిని విచారింపుడని కలెక్టర్లను కోరెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో పంపిన నివేదికయందు ఆ బడుల నడక మనకు చక్కగా కానవచ్చును. నేటి అనంతపురపు సీమయు నాడా జిల్లాలో చేరియుండెను. బడులు 533, విద్యార్థులు 6,641 మంది. 226 బడులలో తెలుగు చెప్పుచుండిరి. సాధారణముగా బడికి నాలుగు తరగతులు. పై తరగతులను పంతులు స్వయముగా చూచుకొనును. క్రింది తరగతులవారికి కొంతవరకు పెద్ద విద్యార్థులే చెప్పుదురు. కూడిక, తీసివేత, గుణకారము ముగిసిన పిమ్మట భిన్నములు వచ్చును. ఇవి పదేసివంతులుగా గాక నాలుగేసివంతులుగా తరుగుచుండును: ఒకటిలో నాలవవంతు కాలు, కాలులో నాలవవంతు వీసము.

నిన్న వీసములకడ తడబడిన బాలుడు నేడు చిన్నవానికి వానినే చెప్పవలసివచ్చినచో, తడబాటు ఎచ్చట కలుగునో అతడెరిగియే యుండును. చెప్పుచు చెప్పుచు తన జ్ఞానమును గట్టిపరచుకొనును. కాంబెల్ ఈ పద్ధతిని మెచ్చి, ఇంగ్లండు దీని ననుకరించుట తగియేయున్నదని వ్రాసెను. అంతకుముందే ఆండ్రూ బెల్, 1789 మొదలు మద్రాసులోని అనాథబాలుర శరణాలయమున పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించి, 1797లో లండనునందు ఆ ప్రయోగమును గూర్చి గ్రంథము ప్రకటించియుండెను.

అయినను మనము పొగడ్తతో ఆగరాదు. బాలురు పద్యములను అర్థమెరుగక చిలుకలవలె వల్లించుచున్నారనియు ఆ కాంబెలే వ్రాసెను. లెక్కలకును ఈ ప్రమాదము కలదు. కారణమెరుగక ఎక్కము నేర్చినవాడు కారణము లేని యెక్కమునే తరువాతివాని కప్పగించును.

అంతకన్న పెద్దలోపము వేరొకటి. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే! శిష్యురాలు కానిది ఉపాధ్యాయిని యెట్లగును? పలక పట్టనియ్యని తల్లి బిడ్డ లెక్కలోని తప్పు నెట్లు దిద్దగలదు? ఆడపిల్లను బడికి దూరము చేసిన ఇల్లు ఒక విద్యార్థినిని మాత్రమే గాక, రాబోవు తరముల గురువునుగూడ పోగొట్టుకొన్నది.

కావున గృహస్థులకు మా మనవి యిది. ఇంట అక్క తమ్మునికి లెక్క చెప్పుచుండగా పెద్దలు అడ్డుపడక వినవలెను. జవాబు సరిపోయిన పిదపగూడ "ఏల?" యని అడుగుట తమ్మునికి నేర్పవలెను. ఆ ప్రశ్నకు అక్క తన మాటలలో సమాధానము వెదకుకొన్ననాడే ఆమె ఉపాధ్యాయిని యగుట కారంభము.