పొద్దున టిఫిన్ పళ్ళెం: ఒక ప్రశ్న చరిత్ర

కిందటి సంవత్సరం మా తాత చనిపోయాడు. కర్మ అయిపోయిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అవ్వ, అమ్మ, నేను, మా తమ్ముడు వసారాలో కూర్చున్నాం. "కళ్ళు మూసుకుంటే చాలు, తాత ముఖం ఎదురుగా వచ్చి నిలబడుతుంది" అన్నాను. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా తమ్ముడు మాత్రం "నాకేమీ కనపడదు" అన్నాడు. వాడు ఏడో తరగతి. "అప్పుడే మర్చిపోయావా?" అని గట్టిగా అడిగాను. "మర్చిపోలేదు. కానీ కనపడదు" అన్నాడు. వాడికి తాత మీద ప్రేమ లేదనుకున్నాను. అనుకోవడమే కాదు, అందరి ముందూ ఆ మాట అనేశాను. వాడు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు మేమిద్దరం సరిగా మాట్లాడుకోలేదు.

ఈ సంవత్సరం మా సైన్సు సారు మెదడు గురించి పాఠం చెబుతూ ఒక పాత ప్రశ్న అడిగారు. "ఈ రోజు పొద్దున మీరు టిఫిన్ తిన్న చోటును తలచుకోండి. మనసులో బొమ్మ కనిపిస్తోందా? వెలుగుగా ఉందా, మసకగా ఉందా? రంగులున్నాయా?" నాకు ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ, స్టీలు గ్లాసు అంచు మీద మెరుపు అన్నీ కనిపించాయి. పక్కన కూర్చున్న అమ్మాయి "బొమ్మా? బొమ్మ ఎలా కనిపిస్తుంది సార్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్రశ్న అడిగినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. 1822లో పుట్టి 1911లో చనిపోయాడు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు దగ్గరి బంధువు. ఇద్దరికీ ఎరాస్మస్ డార్విన్ తాతే. గాల్టన్‌కు దేన్నయినా కొలవాలని పిచ్చి. వాతావరణ పటాలు గీశాడు, వేలిముద్రల మీద పుస్తకం రాశాడు. చివరికి మనసులో కనిపించే బొమ్మలను కూడా కొలవాలనుకున్నాడు. పొద్దున తిన్న బల్లను తలచుకోమని ప్రశ్నలు రాసి తెలిసినవాళ్ళందరికీ పంపాడు. వచ్చిన జవాబులను స్పష్టమైన బొమ్మ నుంచి ఏమీ కనిపించని దాకా వరుసగా పేర్చాడు. 1880లో 'మైండ్' అనే పత్రికలో అచ్చువేశాడు. డార్విన్ కూడా ఆ ప్రశ్నలకు జవాబు రాశాడు. కోసిన మాంసం ముక్క, ద్రాక్షపళ్ళు, తినడం అయిపోయాక పళ్ళెం ఉన్న తీరు, ఇలాంటివి ఫోటో చూసినంత స్పష్టంగా కనిపిస్తున్నాయని అందులో ఉంది. అంత పెద్ద మనిషి కూడా మా క్లాసు పిల్లల మాదిరే తిన్న పళ్ళెం తలచుకుంటూ కూర్చున్నాడంటే నాకు నవ్వొచ్చింది, సంతోషం కూడా వేసింది.

గాల్టన్ మొదట తన శాస్త్రవేత్త మిత్రులనే అడిగాడు. వాళ్ళలో ఎక్కువమంది "మనసులో బొమ్మలేంటి? అదంతా మాట వరసకు అనడమే కదా!" అన్నట్టు జవాబిచ్చారట. గాల్టన్ ఆశ్చర్యపోయాడు. తర్వాత మామూలు జనాన్ని, ఆడవాళ్ళను, బడిపిల్లలను అడిగితే "కనిపిస్తాయి, రంగులతో సహా కనిపిస్తాయి" అని చాలామంది ఖచ్చితంగా చెప్పారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బొమ్మలు కనిపించేవాళ్ళు అందరికీ కనిపిస్తాయనుకున్నారు. కనిపించనివాళ్ళు ఎవరికీ కనిపించవనుకున్నారు. ఇద్దరూ తమ మనసును చూసి ఎదుటివాళ్ళ మనసును లెక్కకట్టారు. ఒకే మాట వాడుతున్నారు కాబట్టి తేడా బయటపడలేదు. "ఊహించుకో", "తలచుకో", "కళ్ళకు కట్టినట్టుంది" అని మనం రోజూ అంటాం. ఎదుటివాడి లోపల ఏం జరుగుతోందో ఎవరూ అడగం.

గాల్టన్ చెప్పిందంతా నిలబడలేదు. శాస్త్రవేత్తలకు మనసులో బొమ్మలు తక్కువ అన్న అతని మాటను 2006లో ఇద్దరు అమెరికా పరిశోధకులు మళ్ళీ పరీక్షించి, అది నిజం కాదని తేల్చారు. దీనికన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఈ ప్రశ్నల సంగతి మళ్ళీ రాసిన 1883 నాటి పుస్తకంలోనే గాల్టన్ 'యూజెనిక్స్' అనే పేరు పెట్టాడు. మనుషుల్లో మేలురకం, నాసిరకం అని విడదీసి, మేలురకం వాళ్ళ సంతానమే పెరగాలన్న ఆలోచన అది. తర్వాతి కాలంలో దాని పేరుతో ఎన్నో దేశాల్లో ఎందరికో అన్యాయం జరిగింది. మనుషుల మనసులు వేరువేరుగా ఉంటాయని కనిపెట్టినవాడే ఆ తేడాను ఎక్కువ తక్కువగా చూశాడు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం భయమేసింది. వసారాలో నేను చేసింది కూడా చిన్న ఎత్తున అదే కదా.

1913లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లోపల ఏం కనిపిస్తోందని మనిషిని అడిగి చేసేది శాస్త్రం కాదు, బయటికి కనిపించే ప్రవర్తననే చూడాలి అన్నాడు. ఆ మాట బాగా చెల్లింది. దాదాపు 50 ఏళ్ళు మనసులోని బొమ్మల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువైపోయారు.

ఆ మూసిన తలుపు మళ్ళీ తెరిచింది 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ చేసిన ప్రయోగం. ఘనాలు అతికించి చేసిన వంకర ఆకారాల బొమ్మలు రెండేసి చూపించారు. రెండూ ఒకటేనా, లేక ఒకటి ఇంకొకదానికి అద్దంలో ప్రతిబింబం లాంటిదా అని 8 మందిని అడిగారు. ఒక ఆకారం ఎంత ఎక్కువ తిరిగి ఉంటే, జవాబు చెప్పడానికి అంత ఎక్కువ సమయం పట్టింది. చేతిలో వస్తువును తిప్పి చూసినట్టే మనసులో తిప్పి చూస్తున్నారన్నమాట, సెకనుకు దాదాపు 60 డిగ్రీల చొప్పున. లోపలి పనిని బయట గడియారంతో కొలవచ్చని దీంతో తెలిసింది.

తర్వాత పెద్ద వాదం మొదలైంది. స్టీఫెన్ కాస్లిన్ అనే ఆయన మనసులో నిజంగా బొమ్మలాంటిదే ఉంటుందన్నాడు. జెనన్ పిలిషిన్ అనే ఆయన కాదన్నాడు. మనకు బొమ్మలా అనిపించవచ్చు, కానీ లోపల పనిచేసేది వాక్యాల్లాంటి వివరమే అని ఆయన మాట. నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. హోసూరు నుంచి బెంగళూరుకు దారి ఎవరైనా అడిగితే పటం గీసి చూపించొచ్చు. లేదంటే "అత్తిబెలె, చందాపుర, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సిటీ" అని నోటితో చెప్పొచ్చు. రెండింటితోనూ ఊరు చేరొచ్చు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం 2010లో అచ్చయింది. బ్రిటన్‌లో ఆడమ్ జీమన్ అనే నరాల వైద్యుడి దగ్గరికి 65 ఏళ్ళ మనిషి వచ్చాడు. గుండె రక్తనాళానికి చికిత్స జరిగిన తర్వాత ఆయనకు మనసులో బొమ్మలు పూర్తిగా పోయాయి. పరిశోధనలో ఆయన్ను ఎం.ఎక్స్. అని మాత్రమే రాశారు. తెలిసిన ముఖాలను గుర్తుపట్టగలడు, జ్ఞాపకశక్తి బాగుంది. ఆకారాలను తిప్పి చూసే పరీక్ష పెడితే జవాబులు సరిగానే చెప్పాడు. కానీ అందరిలా, ఎక్కువ తిరిగిన ఆకారానికి ఎక్కువ సమయం పట్టలేదు. అంటే ఆయన వేరే దారిలో వెళ్ళి అదే జవాబు చేరుకున్నాడు.

ఈ సంగతి ఒక సైన్సు పత్రికలో వచ్చాక, "మాకు పుట్టినప్పటి నుంచీ ఇంతే" అని కొందరు ముందుకొచ్చారు. వాళ్ళలో 21 మంది చెప్పింది పరిశీలించి 2015లో జీమన్, ఆయనతో పనిచేసినవాళ్ళు దీనికి 'అఫాంటేసియా' అని పేరు పెట్టారు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఊహాశక్తికి వాడిన 'ఫాంటేసియా' అనే మాట నుంచి తీసుకున్న పేరు ఇది. ఇది జబ్బు కాదు. పిక్సార్ యానిమేషన్ సంస్థను స్థాపించినవాళ్ళలో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్ తనకూ మనసులో బొమ్మలు కనిపించవని 2019లో చెప్పాడు. ప్రపంచానికి అన్ని బొమ్మలు చూపించిన మనిషి కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మా లేదు!

ఎదుటివాళ్ళ మనసును మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది ఇంకో చరిత్ర. 1978లో డేవిడ్ ప్రెమాక్, గై వుడ్రఫ్ అనే ఇద్దరు శారా అనే చింపాంజీ మీద పరిశోధన చేసి, ఇతరుల మనసులో ఏముందో చింపాంజీ ఊహించగలదా అని అడిగారు. 1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ ఆ ప్రశ్నను పిల్లల దగ్గరికి తెచ్చారు. మాక్సీ అనే పిల్లవాడు చాక్లెట్‌ను నీలం అలమరలో పెట్టి ఆడుకోవడానికి పోతాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఆకుపచ్చ అలమరలోకి మారుస్తుంది. మాక్సీ వచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు ఎక్కువగా ఆకుపచ్చ అలమరే చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సీకి కూడా తెలుసనుకుంటారు. నాలుగైదేళ్ళు దాటాక "పాపం వాడికి తెలీదు కదా, నీలం అలమరలో వెతుకుతాడు" అని చెప్పడం మొదలుపెడతారు.

1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ ఇలాంటి పరీక్షనే శాలీ, ఆన్ అనే రెండు బొమ్మలతో చేశారు. ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది తప్పు చెప్పారు. దాంతో ఆటిజం ఉన్నవాళ్ళకు ఎదుటివాళ్ళ మనసు అర్థం కాదన్న మాట బాగా ప్రచారమైంది. కానీ నలుగురు సరిగా చెప్పారన్నది కూడా మరవకూడదు. 2012లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు దీన్ని తిప్పి అడిగాడు. ఆయనకూ ఆటిజం ఉంది. మా మనసు మీకు అర్థమైందా మరి? అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటే ఒక్క వైపునే ఎందుకు తప్పుపడతారు? ఇదీ ఆయన వాదం.

ఈ మాట నాకు బాగా తగిలింది. మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఇది కొత్త కాదు. తమిళనాడులో ఎన్నో తరాలుగా ఉన్నా "మీరు ఆంధ్ర నుంచి ఎప్పుడొచ్చారు?" అని బస్సులో అడుగుతారు. అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకు తెలిసిన దాన్ని బట్టి మనల్ని లెక్కకట్టారు, అంతే. మనకు మాత్రం కష్టంగా ఉంటుంది. అదే పని నేను నా తోడబుట్టినవాడికి చేశాను.

చాక్లెట్ పరీక్షలో నేను ఐదేళ్ళకే నెగ్గి ఉంటాను. ఎదుటివాడికి ఏం తెలుసు, ఏం తెలీదు అన్నది మొదటి మెట్టు. అదే విషయం వాడికి నాలాగా కాకుండా ఇంకోలా తెలిసి ఉండొచ్చు అన్నది రెండో మెట్టు. పదో తరగతికి వచ్చాక కూడా ఆ రెండో మెట్టు దగ్గర నేను పడిపోయాను.

సారు ప్రశ్న అడిగిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళి, అందరినీ టిఫిన్ పళ్ళెం గురించి అడిగాను. అమ్మకు బొమ్మ మసకగా వస్తుందట. అవ్వకు ముందు పోపు వాసన వస్తుందట, తర్వాతే పళ్ళెం. తమ్ముడు "ఏం లేదక్కా, నల్లగా ఉంటుంది. కానీ ఏం తిన్నానో చెప్పగలను" అన్నాడు. నేను కాసేపు ఊరుకుని, "తాత ఎలా ఉండేవాడో చెప్పు" అని అడిగాను.

వాడు చెప్పాడు. తాత ఎడమ కాలి చెప్పు తెగితే కొత్తది కొనకుండా వైరు కట్టుకుని తిరిగాడని చెప్పాడు. గేటు తీసేముందు రెండుసార్లు దగ్గేవాడని, వాడికి సైకిల్ నేర్పేటప్పుడు సీటు వదిలేసి కూడా "పట్టుకున్నా, పట్టుకున్నా" అని వెనకాల అరుస్తూ పరిగెత్తాడని చెప్పాడు. నేను కళ్ళు మూసుకుని తాతను చూశాను. ముఖం స్పష్టంగా ఉంది. చెప్పులు మాత్రం లేవు. వైరు కట్టింది ఏ కాలికో నాకు తెలీనే తెలీదు.

మా తమ్ముడికి ఉన్నదానికి ఏ పేరు పెట్టాలో చెప్పడానికి నేను డాక్టరును కాను. వాడికి ప్రేమ లేదన్నది మాత్రం అబద్ధం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని వాడికి చెప్పాను. "పర్వాలేదక్కా" అన్నాడు. కానీ ఆ రోజు అందరి ముందూ అన్నాను కాబట్టి, ఇక్కడ కూడా అందరి ముందూ చెబుతున్నాను.

చదివేవాళ్ళకు ఒక చిన్న మనవి. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో కూడా ఆ పాత ప్రశ్న అడిగి చూడండి. ఒక్కొక్కరూ ఏం చెబుతారో వినండి. ఎవరి జవాబు వింతగా అనిపించినా నవ్వకండి.