ఓటు లండన్‌ది, చెమట ఖరగ్‌పూర్‌ది

ఖరగ్‌పూర్ ఒక కంపెనీ కట్టిన ఊరు. 1887లో లండన్‌లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, అంటే పాతవాళ్లు పిలుచుకునే బి.ఎన్.ఆర్., 19వ శతాబ్దం చివర ఇక్కడ జంక్షన్ వేసి, ఆ వెంటనే పెద్ద వర్క్‌షాపు పెట్టింది. 1902లో కటకం నుంచి విశాఖపట్నం దాకా ఉన్న తూర్పుకోస్తా లైను కూడా దాని చేతికి రావడంతో ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వచ్చేవారికి ఈ ఊరు దగ్గరైంది. అలా వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడే స్థిరపడి, తమ పిల్లలకు తెలుగు బడులు కూడా పెట్టుకున్నారు. వాళ్ల జీతం, క్వార్టరు, కొలువు చివరికి లండన్ బోర్డు చేతిలో ఉండేవి. ఆ బోర్డు జవాబు చెప్పుకోవలసింది వాటాదారులకు. వాటాదారుల మెజారిటీకి కంపెనీని నడిపే హక్కు ఎక్కడిది? నష్టం వస్తే భరించేది వాళ్లే కాబట్టి అన్నది చట్టం చెప్పే సమాధానం. బి.ఎన్.ఆర్. చరిత్రలో నిలవనిది సరిగ్గా ఈ సమాధానమే.

మెజారిటీని లెక్కించే తీరు ఎప్పుడూ ఒకేలా లేదు. 1773 చట్టం ప్రకారం ఈస్టిండియా కంపెనీలో వెయ్యి పౌన్ల వాటా ఉంటే ఒక ఓటు, పదివేలున్నా నాలుగే. 1862 నాటి ఇంగ్లీషు కంపెనీల చట్టానికి జతచేసిన నమూనా నియమావళిలో మొదటి పది వాటాలకు వాటాకొక ఓటు, ఆ పైన నూరు దాకా ఐదింటికొకటి, అటుపైన పదింటికొకటి. అంటే నూరు వాటాలవాడికి 28 ఓట్లే. పెద్ద వాటాదారు చిన్నవాళ్లను మింగేయకూడదన్న జాగ్రత్త అందులో కనిపిస్తుంది. క్రమంగా వాటాకొక ఓటే రివాజైంది. చిన్నవాళ్ల రక్షణ భారం ప్రత్యేక తీర్మానం మీద పడింది. మన 2013 కంపెనీల చట్టంలో మామూలు విషయాలకు వ్యతిరేక ఓట్లకన్నా అనుకూల ఓట్లు ఎక్కువైతే చాలు. నియమావళి మార్పు వంటివాటికి ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉండాలి. లెక్కకు వచ్చేవి పోలైన ఓట్లే: నూరు వాటాల్లో అరవై ఓటేస్తే, 45 అనుకూలం, 15 వ్యతిరేకం అయినా ప్రత్యేక తీర్మానం నెగ్గినట్టే.

ఈ రక్షణలన్నీ వాటాదారుకూ వాటాదారుకూ మధ్యనే. బి.ఎన్.ఆర్. వాటాదారుకు తొలి ఒప్పందంలోనే 4 శాతం వడ్డీకి భారత మంత్రి, అంటే బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాలు చూసే మంత్రి, హామీ ఉంది. లైను ఆర్జించకపోతే లోటు పూడ్చేది భారత ఖజానా, అంటే ఇక్కడి పన్ను చెల్లింపుదారు. నష్టం ఒకరిది, ఓటు మరొకరిది. కార్మికుడికీ ఆ ఓటు లేదు. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె చేశారు. ఉద్యోగాల కోతపై అదే ఏడాది సెప్టెంబరులో మొదలైన పోరు డిసెంబరు దాకా సాగింది. వాళ్ల యూనియన్‌కు నాయకుడు వి.వి. గిరి, తర్వాతి కాలంలో రాష్ట్రపతి. వాటాదారుల సభలో మాట చెల్లనివారు ఫ్యాక్టరీ గేటు దగ్గర మాట్లాడక తప్పలేదు.

కార్మికుడికి జీతం ముడుతుంది, కంపెనీ పార్లమెంటు కాదు కదా అన్న అభ్యంతరంలో బలముంది. డబ్బు పోగొట్టుకునేవాడి చేతిలో నిర్ణయం లేకపోతే పెట్టుబడి ఎవరూ పెట్టరు. అయితే ఆ తర్కం హామీ లేని కంపెనీకే వర్తిస్తుంది. ప్రభుత్వ పర్యవేక్షణ ఉండేది కదా అంటే, ఆ పగ్గాలున్న భారత మంత్రి కూడా లండన్‌వాడే. భారతీయులకు జవాబుదారీ కాడు. 1920-21లో భారత రైల్వేల నిర్వహణను పరిశీలించిన ఆక్వర్త్ కమిటీ సభ్యులు ప్రభుత్వమే నడపాలా వద్దా అన్నదానిపై చీలిపోయినా, లండన్ బోర్డుల పాలన వద్దన్నదానిపై ఒక్కటయ్యారు. కార్మికులకు గొంతునిస్తే కంపెనీ కూలిపోతుందన్న భయాన్ని జర్మనీ తీర్చింది. అక్కడ 1976 చట్టం ప్రకారం రెండు వేలమందికి పైగా పనిచేసే కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగులవి. ఓట్లు సమానమై ప్రతిష్టంభన వస్తే అధ్యక్షుడి అదనపు ఓటుతో పెట్టుబడి పక్షమే నెగ్గగలదు.

1944లో బి.ఎన్.ఆర్. ప్రభుత్వపరమైంది, వాటాదారుల సభతో ఖరగ్‌పూర్‌కు పని తీరింది. కానీ రైల్వేశాఖ కింద కంటైనర్ రవాణా సంస్థ కాంకర్, టికెట్ల సంస్థ ఐఆర్‌సీటీసీ వంటి లిస్టెడ్ కంపెనీలు వచ్చాయి. ఈ రెండింటిలో ప్రభుత్వం వాటా సగానికి పైనే ఉన్నా డెబ్బై ఐదు శాతానికి తక్కువ. డైరెక్టర్ల నియామకానికి అది చాలు. మిగతా అందరూ వ్యతిరేకంగా ఓటేస్తే ప్రత్యేక తీర్మానానికి చాలదు. వాటాల లెక్క ఇక్కడ చిన్న మదుపుదారుకు నిజమైన రక్షణే. ఆ మదుపుదారు నష్టానికి సిద్ధపడి కొన్నవాడు గనుక ఆ రక్షణకు అర్హుడు కూడా. నష్టాన్ని ఖజానాకు అప్పగించి ఓటును మాత్రం అట్టిపెట్టుకున్న మెజారిటీకి అలాంటి అర్హత లేదు. ప్రభుత్వ హామీతో నడిచే ఏ కంపెనీకైనా నేడు ఇదే కొలత వర్తించాలి.