డాక్టరీకి ముందు నాలుగేళ్ల చదువు

అమెరికాలో వైద్యవిద్య సాధారణంగా డిగ్రీ తర్వాతే మొదలవుతుంది. ఇంటర్ బైపీసీ కాగానే ఎంబీబీఎస్‌లో చేరే తెలుగు నేల పద్ధతి అక్కడ లేదు. ముందు నాలుగేళ్లు కాలేజీలో చదవాలి, ఒక సబ్జెక్టును మేజర్‌గా ఎంచుకోవాలి. డాక్టరు కాదలచిన ప్రీమెడ్ విద్యార్థి ఏ మేజర్ తీసుకోవాలన్నది అక్కడ పాత చర్చే.

19వ శతాబ్దంలో చాలాకాలం ఈ ప్రశ్నకు తావే లేదు. మెడికల్ స్కూళ్లలో ఎక్కువ భాగం డాక్టర్లు లాభానికి నడుపుకునేవి. ఫీజు కట్టగలిగితే కాలేజీ గడప తొక్కనివారికీ సీటు దొరికేది. కొన్ని నెలల పాఠాలు, మరుసటి ఏడు మళ్లీ అవే పాఠాలు. డిగ్రీ చేసి వైద్యానికి వచ్చిన కొద్దిమందిలో విలియం వెల్చ్ ఒకరు. 1870లో యేల్‌లో పట్టా పుచ్చుకునేనాటికి ఆయన ఆశ గ్రీకు బోధించాలని. వైద్యం వైపు మళ్లాక కెమిస్ట్రీ విడిగా నేర్చుకోవలసి వచ్చింది.

అసలు మలుపు 1893లో బాల్టిమోర్‌లో వచ్చింది. జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూలు తెరవడానికి డబ్బు చాలకపోతే మేరీ ఎలిజబెత్ గారెట్ మూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చి లోటు పూడ్చింది. ఊరికే ఇవ్వలేదు. ఆడపిల్లలను మగవాళ్లతో సమానంగా చేర్చుకోవాలని, ప్రవేశ ప్రమాణాలు గట్టిగా ఉండాలని పట్టుబట్టింది. చేరేవారికి డిగ్రీ ఉండాలి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివి ఉండాలి. ఫ్రెంచి, జర్మన్ పుస్తకాలు చదివి అర్థం చేసుకోగలగాలి. మనం ప్రొఫెసర్లుగా వచ్చాం కాబట్టి సరిపోయింది, విద్యార్థులుగా అయితే సీటు దొరికేది కాదని అక్కడి ప్రొఫెసర్ విలియం ఆస్లర్ తోటి ప్రొఫెసరైన వెల్చ్‌తో హాస్యమాడాడట. నేటి ప్రీమెడ్ కోర్సుల జాబితాకు మూలం ఆ ప్రమాణాలే.

1910లో విద్యావేత్త అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 స్కూళ్లపై ఇచ్చిన నివేదిక హాప్కిన్స్‌ను అందరికీ కొలబద్దగా చూపింది. సైన్సుతో కూడిన రెండేళ్ల కాలేజీ చదువైనా ఉండాలన్నది. 1918 నాటికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్నే కనీస అర్హత చేసింది. నాసిరకం స్కూళ్లు మూతపడ్డాయి. నల్లజాతి వైద్యులను తయారుచేస్తున్న ఏడు స్కూళ్లలో ఐదు కూడా పోయాయి. పిల్లలను కాలేజీకి పంపే స్తోమత లేని ఇళ్లకు డాక్టరీ దూరమైంది. సంస్కరణను మెచ్చుకున్నవారు ఈ నష్టాన్ని చాలాకాలం పట్టించుకోలేదు.

ఫ్లెక్స్‌నర్ అడిగింది కొన్ని కోర్సులే, మేజర్ కాదు. చరిత్ర మేజర్ తీసుకున్నా అవి పూర్తిచేసి డాక్టరు కావచ్చు. ఆచరణలో కథ వేరు. బయాలజీ, ఫిజిక్స్, రెండు రకాల కెమిస్ట్రీ ఎలాగూ తప్పవు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ ఒక్కటే వారంలో ఒక పూటంతా తినేస్తుంది. అలాంటప్పుడు ఆ కోర్సుల్లో ఎక్కువ భాగం మేజర్ లెక్కలోకే వచ్చే బయాలజీ తీసుకుంటే పోలా అని విద్యార్థి అనుకోవడంలో వింత లేదు. ఎవరూ శాసించకుండానే జాబితా మేజర్‌ను నిర్ణయించేసింది.

ప్రవేశపరీక్ష ఆ మొగ్గును ఇంకా పెంచింది. 1920లలో కొన్ని స్కూళ్లలో సగం మంది దాకా చదువు మధ్యలో వదిలేస్తుంటే, నెగ్గుకురాగలవారిని ముందే గుర్తించడానికి 1928లో ఒక పరీక్ష పెట్టారు. 1940ల చివర్లో దాని వారసురాలికి ఎంక్యాట్ అన్న పేరు స్థిరపడింది. అందులో సమాజం గురించి, తర్వాత లోకజ్ఞానం గురించి ఒక భాగం ఉండేది. 1977లో దాన్నీ ఎత్తేశారు.

మరుసటి ఏడే లూయిస్ థామస్ అనే వైద్యుడు ఒక వ్యాసంలో, ప్రీమెడ్‌నని చెప్పుకునేవాళ్ల దరఖాస్తులు పక్కన పెట్టేయాలని, ప్రాచీన గ్రీకును కాలేజీ చదువుకు వెన్నెముక చేయాలని రాశాడు. వెటకారం పాలు ఎక్కువే అయినా, మార్కుల కోసం పోటీపడి చదువు రుచే మరిచిన తరం మీద ఆయన కోపం నిజమైనదే. 1987లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ స్కూలు మాటలతో ఆగలేదు. సాహిత్యం, చరిత్ర వంటివి చదివేవారిని కాలేజీ రెండో ఏటనే ఎంచుకుని ఎంక్యాట్, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ మినహాయించింది. వాళ్లు మొత్తం మీద తోటివారికి తీసిపోలేదని 2010లో ప్రచురించిన పరిశీలన చెప్పింది. లైసెన్సు పరీక్ష తొలి అంచెలో మాత్రం మార్కులు కాస్త తగ్గాయి.

2015లో ఎంక్యాట్‌లోకి సైకాలజీ, సోషియాలజీ వచ్చి చేరాయి. అయినా మెడికల్ స్కూళ్లలో చేరేవారిలో సగానికి పైగా జీవశాస్త్రాల మేజర్లే. సాహిత్యం, చరిత్ర చదివి దరఖాస్తు చేసేవారు కొద్దిమందే గానీ, వారిలో సీటు దక్కేవారి పాలు బయాలజీ వారికంటే తక్కువేమీ కాదు.