జార్జి ఇలియట్: మతవిశ్వాసము, ధర్మజిజ్ఞాస

1842 జనవరి 2వ తేదీ ఆదివారము. ఇంగ్లండులో కవెంట్రీ పట్టణమునకు చేరువనున్న ఫోల్స్‌హిల్‌లో రాబర్ట్ ఇవాన్స్ చర్చికి బయలుదేరగా, ఆయన కుమార్తె మేరీ ఆన్ తాను రానన్నది. అప్పటికి ఆమెకు ఇరువది రెండేండ్లు. జార్జి ఇలియట్ అను పురుషనామముతో నవలలు వ్రాసి ప్రసిద్ధి గాంచినది ఈమెయే. అంతకు మూడేండ్ల ముందు ఈమె భక్తి యెంత కఠినమైనదనగా, నవలలు చదువుట కూడ మనస్సుకు హాని యని స్నేహితురాలికి లేఖ వ్రాసినది.

ఈ మార్పునకు కారణములలో ముఖ్యమైనది, క్రైస్తవమతము పుట్టుకను గూర్చి చార్లెస్ హెన్నెల్ 1838లో ప్రకటించిన పరిశీలన గ్రంథము. దాని చరిత్ర విచిత్రమైనది. హెన్నెల్ చెల్లెలు ఒక సంశయవాదిని వివాహమాడి, భర్త వాదములకు కలత చెంది, సువార్తలను పరీక్షించి చూడుమని అన్నను కోరినది. ఆయన విశ్వాసమును నిలుపుటకే పూనుకొన్నాడు. పరీక్ష ముగియునప్పటికి అద్భుతములు నిలువలేదు; యేసు నీతిబోధకుడుగా మాత్రమే నిలిచినాడు. మేరీ ఆన్ తండ్రికి వ్రాసిన జాబులోని మాటయు నించుమించు ఇదియే: గ్రంథములలో సత్యమును కల్పనయు కలసి యున్నవి, యేసు నీతిబోధ యెడల తన గౌరవము తగ్గలేదు, నమ్మినట్లు నటించుట మాత్రము తనవలన కాదు.

తండ్రి ఇంటినే వదులుకొన సిద్ధపడినాడు. ఆమె కొన్ని వారములు అన్నగారింట నున్నది. చివరకు రాజీ కుదిరినది: ఆమె తండ్రితో చర్చికి వెళ్ళవలెను, అక్కడ ఆమె ఏమి తలచుకొన్నను ఆయన అడుగరాదు. దీనిని లొంగుబాటు అనువారున్నారు. మరుసటి సంవత్సరము స్నేహితురాలికి ఆమె వ్రాసిన జాబు చదివినచో అట్లు తోచదు. కొత్తగా బంధము వీడినవానికి ఎల్లరను విడిపించు తొందర యుండుననియు, మనుష్యులను కలుపునది అభిప్రాయైక్యము కాదు, హృదయైక్యమని తరువాత తెలియుననియు అందలి భావము.

ఆపై అనువాదము. జర్మన్ పండితుడు స్ట్రౌస్ వ్రాసిన యేసు జీవిత విమర్శను రెండేండ్లు శ్రమించి ఇంగ్లీషు చేసినది. 1846లో మూడు సంపుటములుగా వెలువడినది. ప్రతిఫలము 20 పౌన్లు. ముఖపత్రముపై ఆమె పేరు లేదు. సిలువ ఘట్టమును ముక్కలుగా కోసి పరీక్షించు పుటలు వచ్చినప్పుడు ఆమెకు రోత కలిగినదనియు, ఎదుట నుంచుకొన్న క్రీస్తు ప్రతిమను చూచి పని సాగించెడిదనియు మిత్రుల లేఖలవలన తెలియుచున్నది. పాఠకుడు నచ్చని పుటను తిప్పివేయగలడు. అనువాదకునకు ఆ వెసులుబాటు లేదు. నమ్మకము పోయినను ప్రేమ పోలేదని ఆమెకు తెలిపినది ఈ పనియే కావచ్చును.

1849లో తండ్రి మరణించువరకు పరిచర్య చేసినది ఆమెయే. 1854లో ఫాయర్‌బాహ్ గ్రంథమును అనువదించినది. ప్రేమ, దయ మున్నగు తన ఉత్తమగుణములనే మానవుడు దైవమని పూజించుచున్నాడని ఆతని వాదము. ఆమె అసలు పేరుతో వెలువడిన పుస్తకము ఇదొక్కటే. మరుసటి యేడు, లండనులో పేరుమోసిన ప్రబోధకుడు డాక్టర్ కమింగును వెస్ట్‌మినిస్టర్ రివ్యూలో తీవ్రముగ ఖండించినది. దేవుని నమ్ముట ఆయన దోషమని ఆమె యనలేదు. సమస్తమును దేవుని కీర్తికొరకే చేయవలెనన్న ఆయన బోధ, తోటిమనిషి యెడల కలుగు జాలిని ఎండిపోజేయునన్నది. వాదమున నిజాయితీని సడలించునన్నది. అవిశ్వాసిని మతప్రబోధకుని నీతి తప్పినావని నిలదీయుట ఆ రోజులలో చిన్న సాహసము కాదు.

ఆమెయే 1859లో “ఆడమ్ బీడ్” నవల వ్రాసి, మెథడిస్టు ప్రబోధకురాలు డైనా మోరిస్‌ను సృష్టించినది. శిశుహత్యకు మరణశిక్ష పడిన హెట్టీతో చెరసాలలో గడపి, ప్రార్థించి, ఆమె నోట నిజము పలికించునది డైనా. ప్రబోధకురాలైన పినతల్లి చెప్పిన స్వానుభవము ఈ ఘట్టమునకు మూలము. ప్రార్థనను నమ్మని రచయిత్రి ఆ ప్రార్థనలో ఒక్క వ్యంగ్యపు మాట దొరలనీయలేదు.

1889లో వెలువడిన ఒక గ్రంథములో నీట్షే ఆమెను పేరుపెట్టి ఎత్తిపొడిచినాడు. ఇంగ్లీషువారు దేవుని వదలి, ఆ దేవుని నీతిని మరింత గట్టిగ పట్టుకొన్నారనియు, విశ్వాసము పోయినచో ఆ నీతిపై హక్కు కూడ పోవుననియు ఆతని ఆక్షేపణ. తర్కము పదునైనదే, హెట్టీ యున్న చెరసాల గదికి మాత్రము అది చేరదు.

అప్పటికి ఆమె లేదు. 1880 డిసెంబరు 22న మరణించినది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటు కొరకు మిత్రులు యోచించినారు గాని, భార్య జీవించియున్న లూయిస్‌తో ఆమె కాపురమును, క్రైస్తవ సిద్ధాంతముల యెడ ఆమె వైఖరియు అడ్డు వచ్చినవి. హైగేట్ శ్మశానమున ఖననము చేసినారు. ఆబీలో ఆమె పేరిట స్మారకశిల వేసినది 1980లో.