క్త్వార్థకం, చేదర్థకం: గణకయంత్రపు నిరీక్షణ కథ



తెరపై ఇసుకగడియారం నిలిచి, ఏ మీట నొక్కినా పలుకక, యంత్రం కొయ్యబారిపోవడం మనలో ఎరుగనివారుండరు. యంత్రం చెడినట్లు కాదు. తెరను చిత్రించేదీ, మన మీటలను ఆలకించేదీ థ్రెడ్ అనే ఒకే పోగు. అది మరెవరి జవాబు కొరకో కాచుకొని ఉంటే, మనను పలకరించేవారు లేరు.

ట్రంకుకాల్ దినాలు చూచిన మా పల్నాటివారికి ఇది సుబోధం. మాచర్లలో కాల్ బుక్ చేసి తపాలా కార్యాలయపు బల్లపై కూర్చున్నవానికి కదలరాదు. ఇంట ఫోనున్న పత్తివర్తకుడు మాత్రం నంబరు చెప్పి తన కాటా వద్దకు పోయేవాడు. లైను కలిసినప్పుడు గంట మ్రోగేది.

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక నాకిది మరొక విధంగా తోస్తుంది. 'జాబు వచ్చి చదివాను' అన్నది క్త్వార్థకం: జాబు వచ్చేదాకా తరువాతి పని లేదు. 'జాబు వస్తే చదువుతాను' అన్నది చేదర్థకం: మాట చెప్పి మన పనికి మనం పోవచ్చు. కాల్‌బ్యాక్ అంటే ఇదే.

1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ద్వారా ఈ సౌలభ్యం జాలపుటలకు వచ్చింది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌హెచ్‌టిటిపి అనే ఆ పరికరంలో 'ఓపెన్' ఆదేశపు మూడవ స్థానాన 'ట్రూ' అంటే పుట ఆగదు, 'ఫాల్స్' అంటే ఆగుతుంది. 2004లో జీమెయిల్ దీనిని లోకానికి రుచి చూపింది. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ 'అజాక్స్' అని పేరు పెట్టారు. మన వీవెన్ గారి లేఖిని (2006)కి ఈ బెడదే లేదు: లిప్యంతరీకరణ మన విహారిణిలోనే జరుగుతుంది, దూరపు సర్వరును అడుగబనిలేదు.

చేదర్థకాలు పెరిగితే వాక్యం గతి ఏమిటి? జాబు వస్తే, అందులో చిరునామా ఉంటే, ఆ ఇల్లు దొరికితే, తలుపు తీస్తే... ప్రోగ్రాములూ ఇట్లే లోలోపలికి కుంగిపోయాయి. 2012లో సీ షార్ప్ 5, 2017లో జావాస్క్రిప్టు ప్రమాణమూ 'అసింక్', 'అవెయిట్' అనే మాటలను స్వీకరించాయి. రూపం క్త్వార్థకం, భావం చేదర్థకం! వరుసగా వ్రాసుకుపోవచ్చు, పోగు మాత్రం ఆగదు. ఇంత చక్కని సంధానం భాషాశాస్త్రులకు తట్టకపోవడం నాకు కించిత్ అసూయే.

అయితే ఇది నిరీక్షణకే మందు. సుదీర్ఘమైన లెక్కను ఆ పోగుపైనే చేయిస్తే అవెయిట్ ఉన్నా తెర బిగుసుకుంటుంది. సీ షార్ప్ తెరపోగుపై అవెయిట్‌కు బదులు 'రిజల్ట్' అని పట్టుబట్టి అడగడం మరీ ప్రమాదం: ఆ పోగు ఫలితం కొరకు ఆగుతుంది, ఫలితమేమో ముగింపునకు ఆ పోగు ఖాళీ కావాలని ఆగుతుంది. రిసీవరు చెవినుండి దించని వర్తకుని ఇంట గంట మ్రోగదు.